ఆరు స్టూళ్లలో రెండే కనిపించాయి



మా పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. ఇద్దరూ స్కూలు బస్సులోనే వస్తారు. పాప వాళ్ల క్లాసులో "మా అమ్మ లారీ నేర్చుకుంటోంది" అని చెప్పిందట. టీచర్లు నన్ను ఆరా తీసి, ఈ నెల పేరెంట్స్ పేజీకి దాని గురించే రాయమన్నారు. లారీ సంగతి మనకెందుకు అని మీకు అనిపించొచ్చు. కానీ ఆ నెల రోజులూ నేను పొద్దున ఏడుంబావుకు స్టాపులో మీ పక్కన నిలబడి పిల్లల్ని బస్సెక్కించాను, ఎనిమిదింటికి వెళ్లి అంతే పెద్ద బస్సు స్టీరింగ్ ముందు కూర్చున్నాను. కింద నిలబడి చూసే బస్సు వేరు, సీట్లో కూర్చుని చూసే రోడ్డు వేరు. ఆ తేడాలో మన పిల్లలకు పనికొచ్చేది చాలా ఉంది.

ఎందుకు నేర్చుకున్నానో ముందు చెప్తాను. కరీంనగర్‌లో మాది సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే వ్యాపారం. ఇనుప రేకులు, జాకీలు, సర్వి కర్రలు. స్లాబు వేసే ముందు సామాను సైటుకు చేరకపోతే మేస్త్రీ, కూలీలు అందరూ ఖాళీగా కూర్చుంటారు. మరుసటిసారి ఆ మేస్త్రీ ఇంకొకరి దగ్గరికి పోతాడు. సామాను మోసేది మా డీసీఎం. (ఏ కంపెనీ బండైనా మా దగ్గర దాన్ని డీసీఎం అనే అంటారు.) పద్నాలుగేళ్లు మా ఆయనే నడిపారు. షుగర్ వల్ల చూపు దెబ్బతింది. కంటి డాక్టరు మొదట రాత్రిపూట నడపొద్దన్నారు, తర్వాత అసలే వద్దన్నారు. రవాణా లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మా ఆయన ఆ ఫారం తెచ్చుకోనే లేదు.

జీతానికి డ్రైవర్లను పెట్టుకున్నాం. మొదటతను ఆరు నెలలకే గల్ఫ్‌కు పోయాడు. రెండో అతనికి గ్రానైట్ లారీ మీద ఎక్కువ ఇస్తామన్నారు, వెళ్లిపోయాడు. వాళ్ల తప్పేం లేదు, ఎవరి సంసారం వాళ్లది. కానీ బండి ఇంటి ముందు ఆగి ఉన్నా ఈఎంఐ ఆగదు, స్కూలు ఫీజు టర్మ్ ఆగదు. నాకు కారు లైసెన్స్ ఉంది, ఆరేళ్లుగా నడుపుతున్నాను. ఒక రాత్రి అన్నం తింటూ "నేను నేర్చుకుంటా" అన్నాను. మా ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "క్లచ్ గట్టిగుంటది" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

కారు లైసెన్స్‌తో ఎంత బండి నడపొచ్చో చాలామందికి తెలియదు, ఈ నెల దాకా నన్ను నలుగురైదుగురు అడిగారు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని కారు లైసెన్స్‌తోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మా బండి ఆర్సీలో బరువు అంతకంటే ఎక్కువ, కాబట్టి నాకు హెవీ తప్పదు. దానికి ఇరవై ఏళ్లు నిండాలి, కారు లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది అయ్యుండాలి, డాక్టరు చూపు, రంగులు, వినికిడి చూసి సంతకం పెట్టాలి, డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ కావాలి. ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధన ఇదివరకు ఉండేది. 2019లో తీసేశారు.

శిక్షణ ముప్ఫై రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగ్ పట్టుకుని నడిపింది పదిహేను గంటలకు తగ్గకూడదు. ఇది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్న లెక్క. పదిహేను గంటలంటే రోజుకు అరగంట. మన పిల్లల స్విమ్మింగ్ సమ్మర్ క్యాంపుకు కూడా అంతకంటే ఎక్కువ టైమే ఇస్తారేమో! కాకపోతే ఒకరు నడుపుతుంటే మిగతావాళ్లం వెనక సీట్లలో కూర్చుంటాం. నేను సగం అక్కడే నేర్చుకున్నాను, పక్కవాళ్లు బ్రేకు కొడితే నా తల ముందు సీటుకు ఎంత గట్టిగా తగిలిందన్న దాన్నిబట్టి.

మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే ఆడమనిషిని. సగం మంది గల్ఫ్ వెళ్లే ఉద్దేశంతో వచ్చిన ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. తొమ్మిదేళ్లు లారీ క్లీనర్‌గా తిరిగిన ఒకతను ఉన్నాడు, బండి గురించి మా అందరికంటే ఎక్కువ తెలుసు, కాగితమే లేదు. అందరూ "అక్కా" అనేవాళ్లు. మొదటి రెండు రోజులు నా వంతు వచ్చినప్పుడు వెనక ఫోన్లన్నీ లోపలికి పోయి, సీటు కడ్డీలు పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు నుంచి మళ్లీ ఫోన్లు బయటికొచ్చాయి. అదే నాకు మొదటి సర్టిఫికెట్. నేర్పేది ఓ పెద్దాయన, బస్సులు నడిపి రిటైరయ్యారు. నన్ను "బిడ్డా" అంటారు. ఊరికే పొగడరు, ఊరికే తిట్టరు. అప్పటి నల్లగొండ జిల్లా తండా నుంచి వెళ్లి 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవర్ అయిన సరిత గురించి నేను చెప్తే, "మంచిదే, ముందుగాల నువ్వు అద్దాలు సదురుకో" అన్నారు.

ఆ అద్దాల పాఠం కోసమే నేనీ వ్యాసం రాస్తున్నాను.

నాలుగో రోజు అనుకుంటా. మేం వచ్చేసరికే బస్సు మైదానంలో ఆగి ఉంది. సారు నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, తల వంచుకొమ్మన్నారు. పక్కనే ఉన్న చాయ్ కొట్టు నుంచి ఎర్రటి ప్లాస్టిక్ స్టూళ్లు తెప్పించి బస్సు చుట్టూ ఎక్కడెక్కడో పెట్టించారు. తర్వాత కింద నుంచి అరిచారు.

"బిడ్డా, ఎన్ని కనవడ్తున్నయ్?"

ముందు అద్దంలోంచి చూశాను, కుడివైపు చూశాను, ఎడమ అద్దంలో చూశాను.

"రెండు సార్."

"ఆరు వెట్టిన. దిగి సూడు."

దిగి చూశాను. ఒకటి ముందు బంపర్‌కు ఆనించి ఉంది. ఇంకొకటి దానికి మూడడుగుల ముందు, అది కూడా నాకు కనిపించలేదు. ఒకటి తలుపు పక్కన, ముందు చక్రం దగ్గర. ఒకటి సరిగ్గా వెనక. నాకు కనిపించినవి కుడివైపు పెట్టినదీ, ఎడమ వెనక చక్రానికి కాస్త దూరంగా పెట్టినదీ.

"స్టూలంటే ఏందనుకుంటున్నవ్?" అన్నారు సారు. "కింద వడ్డ బాటిల్ తీస్కుందామని వంగిన పోరడు. గంతే ఎత్తుంటడు."

తర్వాత అద్దాలు నా ఎత్తుకు తగ్గట్టు సరిచేయించి, సీటు ముందుకు జరిపించి మళ్లీ అడిగారు. ఈసారి నాలుగు కనిపించాయి. బంపర్‌కు ఆనించినదీ, వెనక పెట్టినదీ మాత్రం సీట్లో కూర్చుని ఎంత మెడ సాచినా కనిపించలేదు. కొన్ని బస్సులకు ముందు వైపు, పైన ఒక ఉబ్బు అద్దం అదనంగా ఉంటుంది, దాంట్లో బంపర్ ముందు భాగం కొంత కనిపిస్తుంది, అది కూడా దుమ్ము పట్టకుండా తుడిచి ఉంటే. మరుసటి రోజు పొద్దున స్టాపులో బస్సు రాగానే ముందు ఆ అద్దం కోసం చూశాను. మన రూటు బస్సుకు ఉంది, తుడిచే ఉంది.

ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాను. మా బాబు ఎత్తు మూడడుగుల పది అంగుళాలు. మా డీసీఎం ముందు నిలబెట్టి, నేను సీట్లో కూర్చుని చూశాను. బంపర్ దగ్గర నిలబడితే వాడి జుట్టు కనిపించింది. "షూ లేసు కట్టుకో" అన్నాను. జుట్టు కూడా మాయమైంది. వాడికి అదో ఆట, "ఇప్పుడు కనిపిస్తున్నానా? ఇప్పుడో?" అని అటూ ఇటూ దూకుతున్నాడు. నేను ఇంజిన్ తాళం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఇక మన స్టాపు సంగతి. సాయంత్రం బస్సు దిగిన పిల్లలు ఇంటివైపు పరుగెత్తాలంటే బస్సు ముందు నుంచే దాటుతారు, అదే దగ్గరి దారి కాబట్టి. ఎదురుగా అమ్మ చేయి ఊపుతుంటుంది. ఆ దారిలోనే బాటిల్ పడుతుంది, ఐడీ కార్డు పడుతుంది, లంచ్ బ్యాగు పట్టీ ఊడుతుంది. పైన ఉన్న మనిషి లెక్కలో పిల్లలు అప్పటికే దాటేశారు. అందుకే సారు చెప్పింది మా ఇద్దరికీ ఇంట్లో నేర్పాను: బస్సు వెళ్లిపోయేదాకా పక్కనే నిలబడాలి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే బంపర్ నుంచి పది పెద్ద అంగలు ముందుకు నడిచి, డ్రైవర్ అంకుల్ మొహం తమకు కనిపించాక, ఆయన తల ఊపాక దాటాలి. ఆయన మొహం మనకు కనిపించకపోతే మనం ఆయనకు కనిపించనట్టే. ఏది పడినా వంగి తీయకూడదు. బాటిల్ పోతే ఇంకోటి కొంటానని వాడికి గట్టిగా చెప్పాను, ఈ నెలలో అప్పుడే రెండు పోగొట్టాడు, అది వేరే సంగతి.

మనం కూడా చేసేవి ఉన్నాయి. స్కూటీని బస్సు తలుపు పక్కకు, ఎడమవైపు ఆనించి ఆపి పిల్లల్ని దించుతాం. పెద్ద బండికి ఎడమ పక్క అన్నింటికంటే గుడ్డి పక్క. పైగా బస్సు ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రం పోయిన దారిలో వెనక చక్రం పోదు, లోపలికి కోసుకుని వస్తుంది. మూలమీద నిలబడ్డవాళ్లకు ముందు భాగం దూరంగా పోయినట్టే ఉంటుంది, వెనక భాగం వాళ్ల కాళ్ల దగ్గరికి వస్తుంది. వెనక చక్రం తర్వాత ఉన్న తోక ఏమో దానికి ఎదురు వైపుకు జరుగుతుంది. ఇది నాకు ఒంటికి పట్టడానికి వారం పట్టింది. మైదానంలో పాతిన కర్రలు ఎన్ని పడ్డాయో లెక్కలేదు. అందుకే అవి కర్రలు, అందుకే అది మైదానం.

ఇంకోటి రివర్స్. మన గల్లీ చివరి ఇళ్లవాళ్లు "అన్నా, జర లోపలికి రా" అని బస్సును పిలుస్తుంటారు. లోపలికి వచ్చిన బస్సు వెనక్కి పోవాలి. రివర్స్ నేర్పిన రోజు సారు నన్ను సీట్లో కాదు, కింద నిలబెట్టారు. "రివర్స్ డ్రైవర్‌ది గాదు, కిందున్నోనిది" అన్నారు. కింద ఉన్న మనిషి డ్రైవర్‌కు అద్దంలో కనిపించే చోటే నిలబడాలి, వెనక ఎవరూ లేరని తిరిగి చూడాలి, తర్వాతే చేయి ఊపాలి. ఆ మనిషి కనిపించకుండా పోతే డ్రైవర్ అక్కడే ఆపేయాలి. బస్సులో ఉండే ఆయమ్మ పని పిల్లల చేతులు పట్టుకోవడమే అనుకుంటాం, నిజానికి ఆమె ఆ బస్సుకు వెనక కళ్లు. ఆమెతో మనం మాటలు పెట్టుకునే ఆ అర నిమిషం బస్సుకు వెనక కళ్లు లేనట్టే.

ఫోన్ల గురించి కూడా. "అన్నా, ఒక్క నిమిషం, మావాడు షూ వేసుకుంటున్నాడు" అని మనం చేసే ఫోను ఆయన జేబులో మోగుతుంది, ఆ టైముకు ఆయన ఏ చౌరస్తాలోనో ఉంటాడు. శిక్షణలో ఉండగా నా ఫోను ఒకసారి డాష్‌బోర్డు మీద మోగింది, మా అమ్మ. నేను ముట్టుకోలేదు, ఊరికే అటు చూశాను. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది, నిలబడ్డ బస్సు పొడవంత. సారు ఏమీ అనలేదు, ఫోను తీసి తన జేబులో పెట్టుకున్నారు. కాబట్టి ఆయమ్మ నంబరు దగ్గర పెట్టుకుని ఆమెకే చేయండి.

ఆ 40 అన్న అంకె ఊరికే వాడలేదు. స్కూలు బస్సులకు గరిష్ఠంగా 40కి కట్టేసిన స్పీడ్ గవర్నర్ ఉండాలని, డ్రైవర్‌కు హెవీ బండి మీద కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలని సీబీఎస్‌ఈ 2017లో బడులకు పంపిన సూచనల్లో ఉంది. "బస్సు నెమ్మదిగా వస్తోంది, పక్క స్కూలు బస్సు ముందే చేరుతోంది" అన్న మెసేజ్ మన వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. నెమ్మదిగా రావడానికి మనం డబ్బులిస్తున్నాం.

బండి ఆపడం గురించి రెండు మాటలు. పెద్ద బండికి ఉండేది గాలి బ్రేకు. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేశాక గాలి నిండేదాకా, మీటరు ముల్లు పైకెక్కేదాకా కదలకూడదు. స్టాపులో బస్సు "బుస్స్" మని శబ్దం చేసేది ఆ గాలే. బ్రేకు మాటిమాటికి తొక్కితే గాలి ఖర్చవుతుంది, పల్లంలో బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. అందుకే దిగువకు చిన్న గేర్‌లోనే దిగాలి, ఇంజినే బండిని పట్టుకుంటుంది. డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్‌లో దించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఈ పాఠం చెప్పిన రోజు బస్సులో ఎవరూ జోకులు వేయలేదు. మాకు కొండగట్టు దూరం కాదు. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాట్ రోడ్డు దిగుతూ, కిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. మా బ్యాచ్‌లో ఒక పిల్లాడిది ఆ చుట్టుపక్కల ఊరే. వాడు ఆ రోజు తన వంతు వచ్చినప్పుడు చిన్న గేర్‌లో ఎంత నెమ్మదిగా దించాడంటే వెనక ఆటోలన్నీ హారన్లు కొట్టాయి. సారు వాడి భుజం మీద చేయి వేసి "కొట్టనీ" అన్నారు.

పరీక్ష గురించి పెద్దగా చెప్పేది లేదు. ట్రాక్ మీద తిప్పమన్నారు, రివర్స్ చేయమన్నారు, ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా కదిలించమన్నారు. ఎత్తు మీద నా కాలు వణికింది, బండి మాత్రం జారలేదు. అధికారి కాగితం మీద నుంచి తల ఎత్తి "మీరే నడుపుతారా అమ్మా, ఊరికే తీసుకుంటున్నారా?" అని అడిగారు. బండి నంబరు చెప్పాను. నవ్వి సంతకం పెట్టారు.

ఇప్పుడు నెలన్నర అయింది. మొదట ఖాళీ బండి, తర్వాత సగం లోడు, పోయిన వారం నుంచి నిండు లోడు. మా ఆయన ఎడమ సీట్లో కూర్చుంటారు. దూరంగా ఉన్నవి ఆయనకు మసకగానే కనిపిస్తాయి కానీ చెవులు బాగున్నాయి. ఇంజిన్ చప్పుడు విని "మూడుల వెయ్" అంటారు. సైటు దగ్గర రివర్స్ చేసేటప్పుడు మాత్రం ఆయన్ను కింద నిలబెట్టను, కూలీల్లో ఒకరిని పిలుస్తాను. మొదటిసారి పిలిచినప్పుడు ఆయన మొహం చిన్నబోయింది. తర్వాత తనే దిగి, ఆ కూలీకి ఎక్కడ నిలబడాలో, చేయి ఎలా ఊపాలో నేర్పించారు. స్లాబు పనులకు సామాను టైముకు చేరుతోంది. రెండో టర్మ్ ఫీజు కట్టేశాం.

పాప ఏమో "మా బస్సు నువ్వే నడపొచ్చుగా" అంటోంది. ఐదేళ్ల అనుభవం కావాలి కదా, అప్పటికి తను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంటుంది. తమ్ముడు ఏడో తరగతిలో ఉంటాడు, చూద్దాం.

ఈ మధ్య మన ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ సారుతో స్టూళ్ల సంగతి చెప్తే, వచ్చే నెల రెండో శనివారం పది గంటలకు ఒక బస్సును గ్రౌండులో ఆపి ఉంచడానికి ఒప్పుకున్నారు. ఇంజిన్ ఆపి, తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఒక్కొక్కరు డ్రైవర్ సీట్లో కూర్చుని చూడొచ్చు. మీ పిల్లల్ని తీసుకురండి, బస్సు చుట్టూ నిలబెట్టడానికి స్టూళ్లకంటే వాళ్లే నయం. మన రూటు డ్రైవర్ అన్న కూడా వస్తానన్నారు. వరుసగా కూర్చోబెట్టే పని నాది, చీర కట్టుకున్నవాళ్లు ఎక్కడానికి మెట్టు కాస్త ఎత్తుగా ఉంటుంది, చిన్న పీట ఒకటి తెస్తాను.